నా అమ్మకాలు ఎత్తుకుపోయిన గోమతక్క

మొన్న కొబ్బరి కోరుతూ వేలు కోసుకున్నాను. మందుల షాపు నుంచి కట్టు గుడ్డ చుట్ట ఒకటి తెచ్చి కవరు చించగానే గుప్పున ఆ వాసన వచ్చింది, బ్లీచింగు నీళ్ళలో ఉడికి ఎండలో ఆరిన పత్తి వాసన. ఆస్పత్రులకు పోయే ఈ గుడ్డ మా రాజపాళయంలోనే నేస్తారు కాబట్టి ఊళ్ళో సగం వీధులకు ఆ వాసన ఉంటుంది, ఎవరూ దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం గోమతక్క గుర్తొస్తుంది. ఆమె గది కట్టు గుడ్డ గోడౌన్ పైన, మేడ మీద ఉండేది. ఆమె చీరకూ ఆ వాసనే, జడకూ ఆ వాసనే, ఆమె ఇచ్చే కాఫీకి కూడా ఆ వాసనే. వేలికి కట్టు కట్టుకుంటూ ఉంటే వేలి నొప్పి పోయి కడుపులో మంట మొదలైంది. ముందే చెప్పేస్తున్నాను, ఇది ఆమెను ఆకాశానికెత్తే రాత కాదు. ఆమెను చూసి నేను కుళ్ళినంతగా లోకంలో ఎవరిని చూసీ కుళ్ళలేదు.

ఆమెను చూడనివాళ్ళకు ఆమె ఎలా ఉండేదో చెప్పాలి. పొడుగు మనిషి, బొద్దుగా ఉండేది, ముక్కుకు రెండు వైపులా పుడకలు. నవ్విందంటే వీధి చివర షేర్ ఆటో ఎక్కేవాళ్ళు కూడా తిరిగి చూసేవాళ్ళు. ఇంగ్లీషు మీడియం బడిలో కంప్యూటర్ టీచరుగా చేసి, ప్రిన్సిపాలుతో పోట్లాడి మానేసింది. మానేసిన వారానికే మేడ గదిలో ఒక స్టాండుకు ఫోన్ తగిలించి వీడియోలు మొదలుపెట్టింది. కుక్కర్లు, మిక్సీలు, గ్రైండర్లు, ఇడ్లీ పాత్రలు, ఏది మంచిది, ఏది కొంటే కొంప మునుగుతుంది అని చెప్పేది. సగం తమిళం, సగం మా తెలుగు. మా తెలుగంటే మదురై నాయక రాజుల కాలంలో ఈ తమిళ దేశానికి వచ్చి స్థిరపడ్డవాళ్ళ తెలుగు. ఆంధ్రావాళ్ళు వింటే ముందు నవ్వుతారు. గోమతక్క దాన్ని ఎవరికోసమూ మార్చుకోలేదు. నవ్వినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చి చూసేవాళ్ళు. నేను అద్దం ముందు నిలబడి ఎంత సాధన చేసినా నా మాటకు ఆ రుచి రాలేదు.

ఆమె బతుకుతెరువు ఆ వీడియోల కింద పెట్టే లింకుల్లో ఉండేది. ప్రతి లింకు చివర ఆమె గుర్తు ఒకటి ఉంటుంది, మేము దాన్ని తోక అనేవాళ్ళం. ఎవరైనా ఆ లింకు నొక్కి కంపెనీ అంగడిలోకి వెళ్ళి వస్తువు కొంటే, తోక చూసి కంపెనీ ఆమెకు కమీషన్ ఇస్తుంది. కొనేవాళ్ళకు ఒక్క పైసా ఎక్కువ పడదు. వినడానికి ఎంత సుఖంగా ఉంది! మేడ మీద కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడితే డబ్బు దానంతట అదే వస్తుందని మా వీధి ఆడవాళ్ళందరం అనుకునేవాళ్ళం. వాళ్ళు అనుకుని ఊరుకున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

అప్పుడు నేను బజారులో ఒక జౌళి కొట్టులో గల్లా దగ్గర పని చేసేదాన్ని. సేత్తూరులో పుట్టి ఈ వీధికి కోడలిగా వచ్చిన ఏడాదికే ఆ పనిలో చేరాను. పొద్దస్తమానం నిలబడే ఉండాలి, స్టూలు వేసుకుంటే కొట్టు యజమాని, మా ముతలాళి, ఒప్పుకోడు. సాయంత్రానికి కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. అలా కుంటుకుంటూ ఇంటికి వస్తుంటే మేడ మీద గోమతక్క ఫ్యాను కింద కూర్చుని ఫోనుతో నవ్వుతూ మాట్లాడుతూ కనబడేది. ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు ఆ మంటతోనే మెట్లెక్కి వెళ్ళి, "అక్కా, నాకూ నేర్పియ్యి," అన్నాను.

"నేర్పిస్తాను. కానీ, నేర్చుకొని నాకే పోటీ వస్తావు గదా?" అంది.

"రాను అక్కా, ఒట్టు."

"ఏమే మల్లికా, అబద్ధం చెప్పాలంటే ముందు కండ్లు సరిచేసుకో. నీ కండ్లు నా ఫోన్ మింద, నా ఫ్యాను మింద, నా గాజుల మింద తిరగతా ఉండాయి. పరవాలే, రా. కాఫీ తాగు."

ఇంట్లో మా అత్తగారు ఒప్పుకోలేదు. చివరికి ఒక గడువు పెట్టింది. "దీపావళి దాకా చూస్తాను. అంతలోపల నీ ఫోన్లోంచి కాసు రాలేదంటే మళ్ళీ పొయ్యి గల్లాలో నిలబడు. ఆ పైన నోరెత్తగూడదు," అంది. నేను సరేనని కొట్టు మానేశాను. మానేసిన రోజు కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుని పడుకుని, ఇక జన్మలో గల్లా దగ్గర నిలబడనని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ తరువాత నేను పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికే.

మొదటి దెబ్బ సేత్తూరు చిన్నమ్మ వల్ల తగిలింది. నేను పంపిన లింకులోనే మిక్సీ కొన్నానని ఫోన్ చేసి చెప్పింది. కంపెనీ లెక్కల పేజీ తెరిచి చూస్తే ఖాళీ. మర్నాడూ ఖాళీ. అక్క దగ్గరికి పరుగెత్తాను. ఆమె నేను పంపిన మెసేజీ చూసి తల కొట్టుకుంది. లింకు మరీ పొడుగ్గా, వికారంగా ఉందని, చూడ్డానికి బాగుండాలని చివర్లో కొంత కోసేశాను. ఆ కోసేసిన ముక్కే నా తోక.

"చక్కదనం కోసరం తోక కోసినావా? ఇప్పుడు ఆ మిక్సీ ఎవరిది? కంపెనీది! నీ చిన్నమ్మ నీకు చేసిన సహాయం కంపెనీకి పోయినాది."

"అడిగితే ఇయ్యరా అక్కా?"

"తప్పు నీదైతే అడిగేదానికి నోరుండాల గదా. తప్పు వాళ్ళదైతేనే అడగాల. ఏ తప్పు ఎవరిదని ముందు తెలుసుకో, ఆ పైన పోట్లాడు."

అప్పటినుంచి ఆమె నాకు పద్ధతి నేర్పింది. ఏ లింకునైనా ఎవరికీ పంపకముందు వేరే ఫోన్లోంచి నువ్వే నొక్కి చూడు. నొక్కినట్టు లెక్కలో పడిందో లేదో చూడు. ఎవరైనా కొన్నామంటే ఆ ఆర్డరు పేజీ ఫోటో అడిగి తీసుకుని దాచుకో. అమ్మకం లెక్కకు రాకపోతే ఆ ఫోటో పెట్టి కంపెనీకి రాయి. ఇవన్నీ వంట నేర్పినట్టు ఓపికగా చెప్పేది. నాకు అదీ కష్టంగానే ఉండేది. ఆమె తిట్టి ఉంటే హాయిగా తిరిగి తిట్టుకునేదాన్ని.

రెండో సంగతి ఉత్తరం. ఈసారి తప్పు నిజంగా కంపెనీదే. సాంబారు గిన్నెల సెట్టు ఒకటి నా లింకులో అమ్ముడైనా లెక్కకు రాలేదు. నేను కూర్చుని పెద్ద ఉత్తరం రాశాను. మేము పేదవాళ్ళం, మా అత్తగారు దీపావళి దాకానే గడువు ఇచ్చింది, నా కాళ్ళు వాస్తాయి, దయ ఉంచి నా కమీషన్ నాకు ఇప్పించండి అని. అక్కకు చూపించాను. ఆమె చదువుతూ చదువుతూ పడి పడి నవ్వింది.

"కంపెనీకి మీ అత్త ఏంటికే? నీ కాళ్ళు వాళ్ళేం చేసుకుంటారు? ఎప్పుడు నొక్కినారు, ఎప్పుడు కొనినారు, ఆర్డరు నంబరు ఏంటిది. అంతే. అడుక్కునేవాళ్ళకు ఎవురూ కమీషన్ ఇయ్యరు, మల్లికా. నీది నువ్వు అడుగు."

అంటూనే నా ఉత్తరం చెరిపేసి తను రాసింది. నాలుగు ముక్కలు. మర్యాదగా ఉంది, ఎక్కడా వంగలేదు. ఆ నాలుగు ముక్కలకే అమ్మకం నా లెక్కలో పడింది, కానీ అంత చిన్న మొత్తాన్ని కంపెనీ చేతికివ్వదు, ఇంకా కూడాలి. నేను సంతోషించాలి కదా? సంతోషించాను, ఒక పూట. మరుపూట అదే మేడ గదిలో ఆమె లెక్కల పేజీ కనబడింది. నా పేజీలో ఒక సాంబారు గిన్నెల సెట్టు ఉంటే ఆమె పేజీ కిందికి జరిపే కొద్దీ ఇంకా జరుగుతూనే ఉంది. చూడనట్టు నటిస్తూ మొత్తం చూశాను.

ఇక తళవాయిపురం. ఆ ఊళ్ళో ఇంటింటా నైటీలు కుడతారు. కుట్టే ఆడవాళ్ళంతా కలిసి ఒక సంఘంగా ఉండేవాళ్ళు, నెలనెలా చీటీ కట్టేవాళ్ళు. ఆ ఏడు చీటీ డబ్బుతో అందరూ తలా ఒక టేబుల్ గ్రైండర్ కొనాలని అనుకుంటున్నారని నాకు తెలిసింది. దీపావళి ఇంకెంతో దూరం లేదు. ఇది నా చేతికి చిక్కితే అత్తగారి ముందు తలెత్తుకుని తిరగవచ్చు. బస్సెక్కి వెళ్ళాను. మా ఇంటి గ్రైండరే సంచిలో పెట్టుకుని మోసుకుపోయాను. వాళ్ళ ఎదుటే పిండి రుబ్బి, రాయి విప్పి కడిగి, మళ్ళీ బిగించి చూపించాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు నొప్పి పెట్టేలా మాట్లాడాను. ఒక్కొక్కరి ఫోనుకూ నా లింకు పంపి, నా ఎదుటే నొక్కించాను. తోక కోయలేదు. అందరి ఫోన్లలోనూ గ్రైండర్ బొమ్మ వచ్చింది.

కానీ స్టెల్లా, ఆమె చెల్లెలు, ఇంకో ఇద్దరు చర్చికి పోయేవాళ్ళు మాత్రమే అప్పటికప్పుడు డబ్బు కట్టి ఆర్డరు పెట్టారు. మిగతావాళ్ళు ఫోన్లు మూసేశారు. సంఘం పెద్దావిడ, "ఈరోజు అష్టమి గదమ్మా. రేపు నవమి. ఎల్లుండి మంచి గంటలో అందరం ఒకేసారి తీసుకుంటాము. నువ్వు చెప్పిన గ్రైండరే, మార్చేది లేదు," అంది. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. నేనూ అంతే, అష్టమినాడు చీపురు కూడా కొనను. చూపించడానికి అష్టమైతేనేం అనుకునే ఆ రోజు వెళ్ళాను. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఆ సంతోషం నా జన్మలో మరచిపోను.

దశమి వచ్చింది, పోయింది. అందరూ కొన్నారని పెద్దావిడ ఫోన్ చేసి మరీ చెప్పింది. నా లెక్కల పేజీ తెరిచాను. ఒక్కటి లేదు. స్టెల్లావాళ్ళవి కూడా లేవు. ఆ సాంబారు గిన్నెల సెట్టు తప్ప అంతా ఖాళీ. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం నేరుగా గోమతక్క మీదికి పోయింది, ఎందుకంటే దశమి పొద్దున్నే అదే గ్రైండర్ మీద ఆమె వీడియో వేసింది. చెప్పులు కూడా విప్పకుండా మేడెక్కాను.

"అక్కా, నీ పేజీ చూపించు."

ఆమె మారుమాట లేకుండా చూపించింది. గ్రైండర్లు, వరసగా గ్రైండర్లు. అన్నీ దశమినాటివి.

"ఇవన్నీ నావి! పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిండి రుబ్బి చూపించినాను అక్కా! నా నోరు నొచ్చింది! నువ్వు సుమ్మా, ఊరికే కూర్చుని ఎత్తుకున్నావు! దొంగతనం ఇది!"

"దొంగతనమైతే పంచాంగం రాసినవాణ్ణి పొయ్యి పట్టుకో," అంది. కోపం లేదు ఆ గొంతులో, అదే నన్ను ఇంకా మండించింది. గోడకున్న క్యాలెండరు కేసి వేలు చూపించింది. "లింకు నొక్కినాక ఒక్క రోజే నీ గుర్తు బతికి ఉంటాదని నీకు చెప్పినానా లేదా? నడమ ఇంకొకరి లింకు నొక్కితే రెండోవాళ్ళదని చెప్పినానా లేదా? అష్టమినాడు నొక్కించి దశమినాడు కొంటారని వదిలి వచ్చినావు. కంపెనీ మిషన్‌కి అష్టమి తెలుసా, నవమి తెలుసా? మనోళ్ళు మంచి గంట దాకా కొనరు. అందుకే నేను మంచి గంటకు ముందర వీడియో వేస్తాను. కొనేముందు ఒకసారి నా మాట విందామని వాళ్ళే వచ్చి నొక్కినారు."

చెప్పింది, నిజమే. నేనూ విన్నాను. కానీ ఆ ఒక్క రోజు లెక్కకూ మన అష్టమికీ ముడి ఉంటుందని ఎవరికి తడుతుంది? ఆమెకు తట్టింది. ఏళ్ళ తరబడి ఈ ఊరి ఆడవాళ్ళ చేయి ఏ గంటకు డబ్బు తీస్తుందో కనిపెట్టి కూర్చుంది. నాకు తట్టలేదు, అదీ నా ఏడుపు.

"సగమైనా ఇయ్యి అక్కా. దీపావళికి మా అత్త..."

"ఇయ్యను."

అంత తేలిగ్గా అంది. ఒక మనిషి ముఖం మీద అంత తేలిగ్గా కాదనడం నేను అంతకుముందు చూడలేదు. "దశమి నాడు కొనినవి నావి. నా మాట విని కొనినారు. నావి నేను నీకియ్యను. స్టెల్లా వాళ్ళు అష్టమి నాడు నీ ఎదురుగానే కొనినారు గదా? అవి నీవి. అవి కంపెనీ ఎత్తుకోని ఉండాది. దాన్ని నేను ఎత్తుకోనియ్యను. కూర్చో."

నేను కూర్చోలేదు. నిలబడే ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, తన ఫోనులోనూ నా ఫోనులోనూ నా లింకు నొక్కి చూస్తూ కూర్చుంది. కాసేపటికి దొరికింది. ఫోనులో ఆ కంపెనీ యాప్ లేకపోతే లింకు మామూలుగా తెరుచుకుంటోంది, తోక నిలుస్తోంది. యాప్ ఉన్న ఫోనులో మాత్రం నొక్కగానే యాప్‌లోకి దూకుతోంది, ఆ దూకుడులో తోక రాలిపోతోంది. స్టెల్లావాళ్ళ ఫోన్లలో యాప్ ఉండి ఉంటుంది. ఇది కంపెనీ తప్పు. అడిగేందుకు మాకు నోరుంది. "బస్సు ఎప్పుడుండాది?" అంది గోమతక్క, లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

ఆర్డరు పేజీల ఫోటోలు తీసుకోవడానికి ఇద్దరం తళవాయిపురం వెళ్ళాం. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. బస్సు దిగి సందులోకి తిరిగామో లేదో, కుట్టుమిషన్ల చప్పుడు ఒక్కొక్క ఇంట్లోనూ ఆగిపోయింది. "వీడియో అక్క! వీడియో అక్క!" అంటూ అందరూ బయటికి వచ్చారు. ఆమె చేయి పట్టుకున్నారు, ఫోటోలు దిగారు, ఒకావిడ లోపలికి పరుగెత్తి కొత్త నైటీ తెచ్చి చేతిలో పెట్టింది. కాఫీ ముందు ఆమెకు, మిగిలింది నాకు. నేను వాళ్ళ వాకిట్లో రోజంతా పిండి రుబ్బి చూపించిన మనిషిని! ఆమె కూడా ఎంత మురిసిపోయిందో చెప్పలేను. వద్దమ్మా అని ఒక్కసారైనా అనాలి కదా? అనలేదు. మధ్యలో, నేను పిండి రుబ్బిన రోజు అక్కడ లేని ఒక ముసలావిడ నా వైపు తిరిగి, "నువ్వు ఈ అక్క దగ్గర పని చేసే పిల్లవేనా?" అని అడిగింది.

గోమతక్క నైటీ మడత పెడుతూ, తల ఎత్తకుండానే, "కాదు. నాకు పోటీ. జాగ్రత్తగా ఉండండి, ఈ పాప మాట వింటే ఇంక నా దగ్గరికి రారు," అంది.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట విన్నప్పుడు నా వీపు దానంతట అదే నిటారైంది, అది మాత్రం నిజం.

స్టెల్లావాళ్ళ ఫోటోలన్నీ తీసుకున్నాం. యాప్‌లో తోక రాలిపోవడం కళ్ళారా కనబడేలా ఫోను తెరను వీడియో తీసి, అక్క వాటన్నిటినీ జతచేసి కంపెనీకి పంపింది. మా లెక్కల్లో తప్పులేదని జవాబు వచ్చింది. అది మనిషి రాసింది కాదని, మిషన్ పంపిందని అక్క చూడగానే చెప్పింది. మనిషి చదివేదాకా రాయాల్సిందే అని మళ్ళీ రాసింది, మళ్ళీ. ఎక్కడా గొంతు పెంచలేదు, ఎక్కడా బతిమాలలేదు. దీపావళికి ముందు ఒక ఉదయం నా లెక్కల పేజీలో స్టెల్లావాళ్ళ గ్రైండర్లు కనబడ్డాయి. పెద్ద మొత్తమేమీ కాదు, కంపెనీ చేతికిచ్చేంత కూడింది. కానీ ఫోన్లోంచి కాసు వచ్చింది, అత్తగారి మాట ప్రకారం అది చాలు. ఆవిడకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "గోమతి పుణ్యం," అంది. గోమతి పుణ్యమట! ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అయినా గల్లా దగ్గరికి మళ్ళీ పోలేదు, ఇప్పటిదాకా పోలేదు.

ఆ తరువాత ఏళ్ళ తరబడి మా ఇద్దరికీ అదే పని. నేనూ క్యాలెండరు చూసి, మంచి గంటకు ముందు వీడియో వేయడం నేర్చుకున్నాను. ఆమె గంట ముందు వేస్తే నేను అరగంట ముందు వేసేదాన్ని. మా వీధిలో జనం నవ్వుకునేవాళ్ళు. నా సరుకు ఏదైనా తన లింకులో పడితే గోమతక్క ఫోన్ చేసి, "ఏమే, నీ కుక్కర్ నేను ఎత్తుకున్నాను," అని చెప్పి పెట్టేసేది. ఒకసారి ఆమె మూడు వీడియోలు చేసి పొగిడిన ఇడ్లీ పాత్ర నా లింకులో అమ్ముడైంది. ఫోన్ చేసి చెప్పాను. "నేర్చుకున్నావే," అంది. ఆ ఒక్క మాట విని నేను వారం రోజులు పండగ చేసుకున్నాను. కానీ నెల తిరిగేసరికి మొత్తం మీద ఆమెదే ఎక్కువగా ఉండేది. ఒక్క నెల, ఒక్కటంటే ఒక్క నెల నాది ఎక్కువ రావాలని నేను మొక్కని దేవుడు లేడు.

దీపావళి వచ్చే ఐపసి నెల వానల్లో ఆమెకు జ్వరం వచ్చింది. ఇక్కడ తగ్గలేదని మదురైకి తీసుకుపోయారు. పోయేముందు వ్యాను ఎక్కుతూ నన్ను చూసి, "నేను వచ్చేలోపల నా అమ్మకాలు ఎత్తుకుంటివా, చూడు," అని వేలు ఆడించింది. ప్రాణంతో తిరిగి రాలేదు. ఇంత గట్టి మనిషి, ఇంత గొంతున్న మనిషి, ఒక జ్వరానికి ఎలా పోతుందని నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆమెను చూడడానికి ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు వచ్చారు. చెప్పడానికి సిగ్గేమీ లేదు, ఆ గుంపులో నిలబడి ఏడుస్తూ కూడా, నేను పోతే ఇంతమంది వస్తారా అనుకున్నాను.

కర్మలన్నీ అయ్యాక ఆమె భర్త శీనన్న మా ఇంటికి వచ్చాడు. స్పిన్నింగు మిల్లులో ఫిట్టరు, నెమ్మది మనిషి. వాళ్ళకు పిల్లలు లేరు. అక్క ఫోను నా ముందు పెట్టాడు.

"పాపా, ఇదేమీ నాకు అర్థం కాదు. లింకులన్నీ నీ పేరుకు మార్చుకో. చూసుకునేదానికి మనిషి లేదంటే సుమ్మా ఆగిపోతాది."

"కాసు మీకే గదన్నా వచ్చేది? ఖాతా మీ పేరుమీదే గదా ఉండాది?"

"నాకు మిల్లు జీతం ఉండాది. అది చేసిన పని వృథాగా పోగూడదు, అంతే. నువ్వు ఎత్తుకో."

అన్న వెళ్ళిపోయాక ఆ ఫోను తెరిచాను. ఆశ పడలేదని చెబితే ఎవరూ నమ్మరు. ఆమె వీడియోలు ఇంకా వేలమంది చూస్తున్నారు, ఇంకా నొక్కుతున్నారు, ఇంకా కొంటున్నారు. అన్నిటి చివరా ఉన్న చిన్న తోక ఒక్కటి మారిస్తే చాలు, ఆ పొడుగాటి పేజీ మొత్తం నాది. అది కూడా దొంగతనం కాదు, ఇంటాయన చేతికిచ్చి మరీ చెప్పాడు. మొదటి వీడియో కింద ఆమె గుర్తు చెరిపేసి నాది రాశాను. రాసి చూసుకున్నాను. ఇక జనం ఆమె మాట విని కొంటారు, డబ్బు నాకు వస్తుంది. అప్పుడు తళవాయిపురం ముసలావిడ అడిగిన మాట చెవిలో పడింది, నువ్వు ఈ అక్క దగ్గర పని చేసే పిల్లవేనా అని. ఇలా చేస్తే అవును మరి. ఇన్నేళ్ళూ కానిది, ఆమె పోయాక అవుతాను. ఛీ అనుకున్నాను. నా గుర్తు చెరిపేసి ఆమెది మళ్ళీ రాశాను. ఆమెను నేను దాటాలి గానీ, ఆమెనే తుడిచేసి దాటానంటే అందులో మజా ఏముంది?

అప్పటినుంచి ఆమె లింకులు నేనే చూస్తున్నాను, ఆమె తోకతోనే. ఆగిపోయిన సరుకు ఉంటే దాని చోట కొత్తది పెడతాను. ప్రతి లింకూ వేరే ఫోనులోంచి నొక్కి చూస్తాను. వచ్చేదంతా శీనన్న ఖాతాకు పోతుంది. అన్న వద్దంటాడు, నేను వినను. ఇందులో నా మంచితనమేమీ లేదు, నా పంతమే ఉంది. కుళ్ళు పోయిందా అంటే, ఎక్కడికి పోతుంది? నా లింకు చూసినవాళ్ళు కొనేముందు ఇప్పటికీ ఆమె పాత వీడియో దగ్గరికి పోతున్నారు. ఆమె మాట ఒకసారి విని ఆమె లింకే నొక్కుతున్నారు. చచ్చిపోయి కూడా నా అమ్మకాలు ఎత్తుకుపోతోంది మహాతల్లి. ఏ వీడియోలో ఏం మాట చెప్పి వాళ్ళను పట్టేసిందో చూడ్డానికి నేనూ విన్నదే మళ్ళీ వింటూ కూర్చుంటాను. నేను ఈ పనిలో ఇంకా బద్ధకించకుండా ఉన్నానంటే ఆ మంట వల్లే.

పోయిన నెల ఆఖరున మా ఇద్దరి లెక్కలూ పక్కపక్కనే తెరిచి చూశాను. ఆమెదే ఎక్కువ. కొత్త వీడియో ఒక్కటి లేదు, మాట్లాడే మనిషి లేదు, అయినా ఆమెదే ఎక్కువ. ఒళ్ళు భగ్గుమంది. ఫోన్ విసిరేద్దామనుకుని, విసరకుండా కింద కామెంట్లు చదువుతూ ఉంటే ఒకటి కనబడింది. "అక్కా, మీరు చెప్పినారని ఆ ఉక్కు కడాయే తీసుకున్నాను, మీ లింకులోనే. బాగుండాది. మీకు కమీషన్ వచ్చిందా?" అని ఎవరో ఆడపిల్ల రాసింది. లెక్కల పేజీ పైనుంచి కిందిదాకా వెతికాను. ఆ కడాయి లేదు. ఆమె కడాయిని కంపెనీ మింగేసింది! నా ఉక్రోషం అంతా ఒక్కసారిగా అటు తిరిగింది. ఆ అమ్మాయిని ఆర్డరు పేజీ ఫోటో పంపమని అడిగాను, పంపింది. ఎప్పుడు నొక్కింది, ఎప్పుడు కొన్నది, నంబరు ఏమిటి, నాలుగు ముక్కలు రాసి కంపెనీకి పంపాను. మిషన్ జవాబు వచ్చింది. మళ్ళీ రాశాను. మనిషి చదివేదాకా రాస్తాను. ఆమెది ఆమె లెక్కలో పడి తీరాలి, అది పడిన తరువాతే నేను ఆమెను దాటాలి.